‘న్యూకాసిల్‌కు బొగ్గులు మోయడం’ అంటే ఏమిటి? ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

కేయూ_క్యాంపస్:
అందరికీ నమస్తే. హన్మకొండలో రూమ్ తీసుకుని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కు చదువుతున్నాను. ఇంగ్లిష్ పేపర్లో ఇడియమ్స్ దగ్గరే నాకు టెన్షన్. నిన్న ఒక ప్రాక్టీసు పేపర్లో ‘క్యారీ కోల్స్ టు న్యూకాసిల్’ వచ్చింది. నాలుగు ఆప్షన్లలో ‘అనవసరమైన పని చేయడం’ సరైన జవాబని కీలో ఉంది. జవాబు గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. కానీ అనవసరమైన పనులు సవాలక్ష ఉంటాయి కదా. తుడిచిన ఇంటినే మళ్లీ తుడిచినా, పట్టపగలు లైటు వేసినా ఇదే మాట వాడొచ్చా? అసలు బొగ్గే ఎందుకు? బిజినెస్ వార్తల్లో ‘న్యూకాసిల్ బొగ్గు ధర’ అని తరచూ కనబడుతుంది, ఆ ఊరేనా ఇది? రేపు వేరే ఏ ఉద్యోగం ఇంటర్వ్యూలోనైనా సొంతంగా వాడాల్సి వస్తే తప్పు పోకూడదని అడుగుతున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

పంతులమ్మ_జగిత్యాల:
కీలో ఉన్నది తప్పు కాదు తమ్ముడూ, కాకపోతే సగమే చెప్పింది. ఒక వస్తువు ఏ ఊళ్లో పుట్టి నాలుగు దిక్కులకూ పోతుందో, అదే ఊరికి అదే వస్తువును పనిగట్టుకుని మోసుకెళ్లడం అని దీని అర్థం. అక్కడది కుప్పలు తెప్పలుగా పడి ఉంటుంది, మన మోతకు విలువ ఉండదు. తుడిచిన ఇల్లు తుడవడం వృథానే. కానీ అందులో మోసుకెళ్లే సరుకూ లేదు, ఆ సరుకు పుట్టిన ఊరూ లేదు. కాబట్టి దానికి ఈ మాట అతకదు.

మన దగ్గర దీనికి బాగా దగ్గరగా ఉండే సామెత ‘కమ్మరి వీధిలో సూదులమ్మినట్టు’. సూదులు చేసేవాళ్ల వాకిట్లోకే పోయి సూదులు కావాలా అని అరిచినట్టన్నమాట. గైడ్లలో మాత్రం చేతికందిన సామెతనల్లా దీని పక్కన పెడుతుంటారు, పిల్లలు అక్కడే పాడవుతున్నారు. ‘తాతకు దగ్గులు నేర్పినట్టు’ అన్నది సరుకు గురించి కాదు, అనుభవం ఉన్నవాడికి పాఠం చెప్పడం గురించి. దానికి ఇంగ్లిష్‌లో నానమ్మకు గుడ్డు జుర్రడం నేర్పడమనే వేరే మాట ఉంది. ‘హనుమంతుడి ముందు కుప్పిగంతులు’ గొప్పలకు పోయేవాడికి. ‘బూడిదలో పోసిన పన్నీరు’ అంటే ఖరీదైనది పోశాం, ఫలితం రాలేదు అని. ఈ నాలుగూ ఒకటే అనుకుంటే పరీక్షలో మార్కు రావచ్చు కానీ భాష రాదు.

ఎనిమిదో_ఇంక్లైన్:
బొగ్గు మాట వచ్చాక ఊరుకోలేకపోయాను. గోదావరిఖనిలో బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాణ్ని. చేత్తోనే బొగ్గు ఎత్తిపోసే తట్టా చెమ్మాస్ కాలంలో మొదలుపెట్టి, యంత్రాలు దిగేదాకా చూశాను. ‘గోదావరిఖనికి బొగ్గు పట్టుకుపోయినట్టు’ అంటే మా దగ్గర చిన్నపిల్లకు కూడా అర్థమవుతుంది. ఎవరికీ వివరం చెప్పే పని లేదు.

అయితే ఒకటి చెప్తాను, పంతులమ్మ గారు చెప్పినదానికి ఇది పనికొస్తుందేమో చూడండి. మా మేనమామది జనగామ దిక్కు పల్లె. ఒకసారి మా క్వార్టర్‌కు వస్తూ ఒక గోనెసంచి నిండా బొగ్గులు తెచ్చాడు. చూసినవాళ్లంతా నవ్వారు, సింగరేణికి బొగ్గులు తెచ్చినవా అని. మా అమ్మ మాత్రం ఆ సంచిని జాగ్రత్తగా అటక మీద పెట్టించింది. ఎందుకంటే అవి తుమ్మకట్టె కాల్చిన బొగ్గులు. బాయిలోంచి తీసే రాక్షసిబొగ్గు ఇస్త్రీపెట్టెలో వేస్తే పొగ, వాసన, బట్టలకు మసి. మేము ఆ బొగ్గుతో పొయ్యి రాజేసినా ముందు వాకిట్లోనే పెట్టి, పొగ చచ్చి నిప్పు ఎర్రబడ్డాకనే లోపలికి తీసుకెళ్లేవాళ్లం. ఇస్త్రీకి కట్టెబొగ్గే కావాలి, అది కాలరీలో దొరకడమే కష్టం. మరి మా మామ చేసింది న్యూకాసిల్‌కు బొగ్గులు మోయడం అవుతుందా, కాదా?

పంతులమ్మ_జగిత్యాల:
కాదు కాకా. మీ అమ్మగారికి అది కావలసిన సరుకు, ఊళ్లో దొరకని సరుకు. పేరొక్కటే ఒకటి. నవ్వినవాళ్లు పేరు చూసి నవ్వారు, ఆమె సరుకు చూసింది. ఈ ఉదాహరణ మా పదో తరగతి పిల్లలకు చెప్తాను, మీరు ఒప్పుకుంటే.

ఎనిమిదో_ఇంక్లైన్:
చెప్పమ్మా, దానికి అడగాలా.

ఖిలా_వరంగల్:
కాకా చెప్పిన తేడా ఇంగ్లండులోనూ ఉండేది. పాతకాలంలో వాళ్లకు బొగ్గు అంటే కట్టెబొగ్గే. గనిలో తవ్వినదాన్ని ‘సముద్రపు బొగ్గు’ అనేవాళ్లు. లండన్‌కు ఓడల్లో సముద్రం మీదుగా వచ్చేది కనుక ఆ పేరు అంటుకుందని ఎక్కువమంది చెప్పే మాట. లండన్‌లో సీకోల్ లేన్ అనే సందు ఇప్పటికీ ఉంది.

ఆ ఓడలు బయల్దేరేది న్యూకాసిల్ నుంచే. ఇంగ్లండు ఈశాన్య మూల, టైన్ నది ఒడ్డున ఉంటుంది. బొగ్గు తవ్వుకోవడానికి ఆ ఊరివాళ్లకు మూడో హెన్రీ రాజు 1239లో అనుమతి ఇచ్చాడు. 1600లో ఎలిజబెత్ రాణి అక్కడి ‘హోస్ట్‌మెన్’ అనే వర్తకుల సంఘానికి పట్టా ఇచ్చింది. దాంతో టైన్ నది మీద బొగ్గు అమ్మకమంతా వాళ్ల గుప్పిట్లోకి పోయింది. వాళ్ల చేతి మీదుగా తప్ప ఓడలోకి బొగ్గు ఎక్కదు. 1640ల అంతర్యుద్ధంలో న్యూకాసిల్ రాజు పక్షం చేతిలో ఉండేది. పార్లమెంటు ఆ ఊరితో వ్యాపారం ఆపేసింది. లండన్‌లో పొయ్యిలు చల్లబడ్డాయి, జనం చలికి అల్లాడారు. 1644 అక్టోబరులో స్కాట్లండు సైన్యం ఊరిని పట్టుకున్నాకనే మళ్లీ బొగ్గు కదిలింది. అంటే ఆ ఊరు ఊపిరి ఆపితే రాజధానికి వంట లేదు. అలాంటి ఊరి పేరు సామెతలోకి ఎక్కడంలో వింత లేదు. 1662లో అచ్చయిన తన పుస్తకంలో థామస్ ఫుల్లర్ ఈ మాటను ఎత్తి, అక్కరలేని పని పెట్టుకోవడమని అర్థం చెప్పాడు. నీ కీలోని జవాబు అంత పాతది తమ్మీ.

మనవైపు సంగతీ చెప్పాలి. జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. సింగరేణి కూడా ముందు ఒక ఊరి పేరే. ఆ ఊరి పేరు చెబితే ఇవాళ ఎవరికైనా బొగ్గే గుర్తుకొస్తుంది. న్యూకాసిల్‌కు జరిగిందీ ఇదే.

కేయూ_క్యాంపస్:
ఇంత సంగతి ఉందని ఊహించలేదు అన్నా. మరి ఆ ‘న్యూకాసిల్ బొగ్గు ధర’?

టైన్_ఒడ్డు:
దానికి నేను చెప్తాను. మాది హన్మకొండే, ఉద్యోగం ఇక్కడ ఇంగ్లండు న్యూకాసిల్‌లో. వార్తల్లో ధర వచ్చేది ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్‌ది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఉంది. అక్కడా బొగ్గు దొరికిందని ఇక్కడి ఊరి పేరే దానికి పెట్టారు. ఇవాళ ప్రపంచంలోకెల్లా ఎక్కువ బొగ్గు ఎగుమతి చేసే రేవుల్లో అదొకటి. ఇడియమ్ మాత్రం ఇంగ్లండు న్యూకాసిల్‌ది, ఆస్ట్రేలియా ఊరు పుట్టకముందు నుంచే ఉంది. పరీక్షలో ఈ రెండింటినీ కలిపి తికమక పెట్టే ప్రశ్న ఇస్తే జాగ్రత్త.

ఇంకో సంగతి. ఇక్కడ ఇప్పుడు బొగ్గు లేదు. ఈ ప్రాంతంలో చివరి భూగర్భ గని ఎలింగ్టన్ 2005లో మూతపడింది. మొత్తం బ్రిటన్‌లోనే లోతు గని అన్నది 2015 డిసెంబరుతో అయిపోయింది. బొగ్గుతో కరెంటు తీసే చివరి స్టేషన్ 2024 సెప్టెంబరు 30న ఆగింది. మధ్యలో కొన్నేళ్లు ఈ టైన్ రేవులోనే విదేశీ బొగ్గు దించారు. ఏ పనిని సామెత వృథా అన్నదో ఆ పనే ఇక్కడ మామూలు వ్యాపారంగా నడిచింది. ఆఫీసులో వయసు మళ్లినవాళ్లు ఈ మాట ఇప్పటికీ వాడతారు. కుర్రవాళ్ల నోట నేను పెద్దగా వినలేదు, విన్నవాళ్లకు అర్థం మాత్రం తెలుసు.

ఎనుమాముల_అడ్తి:
ఇంత దూరం ఎందుకండీ. మన వరంగల్‌లోనే ‘ఎనుమాములకు మిర్చి మోసినట్టు’ అంటే సరిపోదా? మార్చి నెలలో మా యార్డులోకి వచ్చి చూడండి. బస్తాల మధ్య నడవడానికి దారి ఉండదు. ఆ ఘాటుకు దగ్గకుండా గేటు దాటినవాడు లేడు.

మంచిర్యాల_రైలు:
అడ్తి అన్నా, అది కుదరదు. ఎనుమాములకు మిర్చి తెచ్చే రైతు అనవసరమైన పని చేస్తున్నాడా? అమ్ముకోవడానికి తెస్తున్నాడు. మార్కెట్ బతికేదే అలా వచ్చే సరుకు మీద. నేను గూడ్సు నడుపుతాను కాబట్టి నాకు దారి పట్టి ఆలోచించడం అలవాటు. సరుకు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పోతుందో చూడాలి. మా ఏరియాలో ఒక బొగ్గు రేక్ అంటే 58, 59 వ్యాగన్లు, నాలుగు వేల టన్నులకు కాస్త అటూ ఇటూ. మందమర్రి, బెల్లంపల్లి వైపు నుంచి నిండుగా బయటికి పోతుంది, ఖాళీగా లోపలికి వస్తుంది. నిండు వ్యాగన్లను లోపలికి తోలితేనే అది న్యూకాసిల్‌కు బొగ్గు.

అందుకే ‘రామగుండానికి బొగ్గు’ అన్నా నేను ఒప్పుకోను. అక్కడ ఎన్‌టీపీసీది 2,600 మెగావాట్ల ప్లాంటు ఉంది. దానికి ఇరవై నాలుగు గంటలూ బొగ్గు పోతూనే ఉండాలి. గనులు పక్కనే ఉన్నా సరే, ఆ ప్లాంటుకు బొగ్గు మోయడం అందరికంటే అవసరమైన పని.

ఎనుమాముల_అడ్తి:
మీరు రైతును చూస్తున్నారు, నేను వ్యాపారిని చూస్తున్నాను. సీజన్ నడుమ ఇంకో రాష్ట్రం నుంచి ఒకాయన లారీ మిర్చి తెచ్చి ఎనుమాములలో దించితే? కిరాయి మీద పడుతుంది, ధర ఇక్కడే దిగిపోయి ఉంటుంది. అతను చేసింది కచ్చితంగా ఇదే పని. ఈ మాట అతకడం సరుకు మోసేవాడి మీద కూడా ఆధారపడుతుంది, ఊరి మీద ఒక్కదాని మీదే కాదు.

పంతులమ్మ_జగిత్యాల:
అడ్తి గారి మాటలో బలం ఉంది. కానీ విన్నవాడికి వెంటనే తట్టాలి కదా. ‘ఎనుమాములకు మిర్చి’ అంటే ముందు రైతే కళ్ల ముందుకొస్తాడు, వ్యాపారి రాడు. సామెతకు ముందు కథ చెప్పుకోవాల్సి వస్తే అది సామెతగా పనిచేయదు. ‘నర్సంపేటకు చపాట మిర్చి’ అనండి, అప్పుడు నేను పూర్తి మార్కులు వేస్తాను. ఆ చుట్టుపక్కలే పండుతుంది, ఎర్రటి రంగు, తక్కువ కారం. వరంగల్ చపాటకు 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది.

ఎనుమాముల_అడ్తి:
నర్సంపేటకు ఒప్పుకుంటాను. ఎనుమాముల మీద నా మాట నాదే.

సాంచాల_సిరిసిల్ల:
మా ఊరితో చూస్తే రైలన్న చెప్పిన దారి లెక్క ఇంకా తేటగా తెలుస్తుంది. సిరిసిల్లలో ఎటు చూసినా సాంచాల, అంటే మరమగ్గాల చప్పుడే. ఎవరైనా చీరలో, లంగా బట్టో మూట కట్టుకుని మా ఊరికి అమ్మకానికి వస్తే ‘సిరిసిల్లకు బట్టలు’ అని హాయిగా అనొచ్చు. కానీ నూలు తెస్తే? నూలు మాకు బయటి నుంచే రావాలి. నూలు లారీ ఒక్కరోజు ఆలస్యమైతే సాంచా ఆగుతుంది, సాంచా ఆగితే ఆ రోజు కూలి పోతుంది. అదే ఊరు, అదే పని, అయినా ఒక సరుకుకు మాట అతుకుతుంది, ఇంకోదానికి అతకదు. పెంబర్తి కళాకారులకూ అంతే. ఇత్తడి బొమ్మ తీసుకెళ్తే వృథా, ఇత్తడి రేకు తీసుకెళ్తే దండం పెడతారు.

తాడ్వాయి_దారి:
మరి మేడారానికి బెల్లం? రెండేళ్లకోసారి జాతరకు చూస్తే గద్దెల దగ్గర బెల్లం కొండలా ఉంటుంది. అయినా ప్రతి ఇంటివాళ్లూ మోసుకుపోతూనే ఉంటారు.

ఎనిమిదో_ఇంక్లైన్:
వద్దు బిడ్డా, దాన్ని ఇందులోకి తేవద్దు. అది బెల్లం కాదు, బంగారం. తల్లులకు మొక్కుకున్న నిలువెత్తు బంగారం. మనవరాలి ఎత్తు తూకం వేయించి నేను కూడా ఇచ్చాను. అక్కడ ఎంత ఉందని ఎవరూ చూడరు, నా మొక్కు తీరిందా లేదా అన్నదే లెక్క.

పంతులమ్మ_జగిత్యాల:
కాకాతో వంద శాతం ఏకీభవిస్తాను. దీన్ని వాడేటప్పుడు చూసుకోవలసింది కూడా ఇదే. ‘నువ్వు చేస్తున్నది తెలివితక్కువ పని’ అన్న చురక ఈ మాటలో ఉంటుంది. ప్రేమతో, భక్తితో ఇచ్చేదాని మీద వాడితే ఎదుటివాళ్ల మనసు నొచ్చుకుంటుంది. ఇంటికి వచ్చిన చుట్టం ఏదైనా తెస్తే, అది మన ఊళ్లో కుప్పలుగా దొరికేదైనా సరే, ఈ మాట అనకూడదు.

ఖిలా_వరంగల్:
వేరే దేశాలవాళ్లూ తమ ఊళ్లతో ఇదే మాట కట్టుకున్నారు. గ్రీకులది ‘ఏథెన్స్‌కు గుడ్లగూబలు’. గుడ్లగూబ అక్కడి దేవత ఎథీనాకు గుర్తు. ఆ ఊరి వెండి నాణేల మీదా ఆ బొమ్మే ఉండేది, వెండి దగ్గర్లోని లారియన్ గనుల నుంచి వచ్చేది. క్రీస్తుపూర్వం 414లో ఆడిన ఒక గ్రీకు నాటకంలోనే ఇది ఉంది, జర్మన్లు ఈనాటికీ వాడుతున్నారు. రష్యావాళ్లు ‘తులాకు సొంత సమోవార్‌తో పోవడం’ అంటారు. సమోవార్ అంటే టీకి నీళ్లు మరిగించే పాత్ర, తులా ఊరు వాటికి పెట్టింది పేరు. హిందీలో ‘ఉల్టే బాన్స్ బరేలీ కో’. బరేలీ నుంచి వెదురు బయటికి పోవాలి, తిరిగి బరేలీకే వస్తే అది ఎదురు వ్యవహారం. హిందీవాళ్ల మాటలో ‘ఉల్టే’ అని ఉంది చూడండి, మన రైలన్న చెప్పిన దిక్కు లెక్క అదే.

టైన్_ఒడ్డు:
ఈ మాట గురించి ఇక్కడివాళ్లు తప్పకుండా చెప్పే కథ ఒకటుంది. 18వ శతాబ్దంలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో తిమోతీ డెక్స్‌టర్ అనే వర్తకుడు ఉండేవాడు. అతన్ని ముంచాలని తోటి వర్తకులు న్యూకాసిల్‌కు బొగ్గు పంపమని ఎగదోశారట. అతను నిజంగానే ఓడ పంపాడట. సరిగ్గా అది చేరే వేళకు ఇక్కడ గని కార్మికులు సమ్మెలో ఉన్నారు, దాంతో మంచి ధర పలికిందట. ఎంతవరకు నిజమో గానీ చాలా పేరున్న కథ. ఊళ్లో సరుకు ఉన్నంతకాలమే మాట నిలబడుతుంది.

ఎనిమిదో_ఇంక్లైన్:
సమ్మె అంటే గుర్తొచ్చింది. 2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైంది. మొత్తం 42 రోజులు నడిచింది. మేము బాయి దిగలేదు. బొగ్గును రైళ్లకెక్కించే సీహెచ్‌పీల దగ్గర బంకర్లు ఖాళీ, కరెంటు కోతలు ఊరూరా. ఆ రోజుల్లో ఎవడన్నా గోదావరిఖనికి ఒక లారీ బొగ్గు తెచ్చినా మేము కొనేవాళ్లం కాదు, ఆ బొగ్గును మా గడ్డ మీద దిగనిచ్చేవాళ్లం కాదు. ఆ డెక్స్‌టర్ మా దగ్గరికి వచ్చి ఉంటే ఓడతో సహా వెనక్కి పోయేవాడు. సరుకు లేకపోవడం ఒక్కటే చూస్తే సరిపోదు, ఊరు ఎందుకు ఆగిందో కూడా చూడాలి.

కేయూ_క్యాంపస్:
కాకా, ఆ సమ్మె టైమ్‌లో నేను చిన్నపిల్లాణ్ని. కిరోసిన్ దీపం పెట్టుకుని చదవడం గుర్తుంది. ఆ చీకటి వెనక ఏముందో మీ నోట వినడం బాగుంది.

ఇక్కడ చెప్పినవన్నీ చూసుకుని మూడు వాక్యాలు రాశాను. వీటిని ఇంగ్లిష్‌లో పెట్టొచ్చా, మేడమ్ చూడండి. ఒకటి, ఆర్మూరు బంధువులకు కిలో పసుపు పంపడం న్యూకాసిల్‌కు బొగ్గులు మోయడమే. రెండు, నిర్మల్‌లో ప్లాస్టిక్ బొమ్మల దుకాణం పెట్టడం న్యూకాసిల్‌కు బొగ్గులు మోయడమే. మూడు, పాసైన పరీక్షకే మళ్లీ ఫీజు కట్టడం న్యూకాసిల్‌కు బొగ్గులు మోయడమే.

పంతులమ్మ_జగిత్యాల:
మొదటిది సరిగ్గా ఉంది. ఆర్మూరు, బాల్కొండ వైపు పసుపు పంట తెలిసినవాళ్లకు క్షణంలో తడుతుంది. కాకపోతే బంధువులకు ప్రేమగా పంపారనుకో, ఇందాక చెప్పిన జాగ్రత్త వర్తిస్తుంది. ‘అమ్మడం’ అని మార్చు, మాటకు పదును వస్తుంది.

రెండోది కుదరదు. నిర్మల్‌ది కొయ్యబొమ్మ. ప్లాస్టిక్ బొమ్మ వేరే సరుకు, దాన్ని కొనేవాళ్లూ వేరే. కాకా చెప్పిన ఇస్త్రీబొగ్గు సంగతి ఇక్కడ గుర్తు తెచ్చుకో. ‘నిర్మల్‌కు కొయ్యబొమ్మలు’ అని రాస్తే చాలు. మూడోది అసలే కాదు, అందులో ఊరే లేదు.

ఇంగ్లిష్‌లో పెట్టేటప్పుడు పాత పద్ధతిలో ‘కోల్స్’ అని బహువచనమే ఉంచు. ‘కోల్’ అని ఏకవచనంలో రాసేవాళ్లూ ఉన్నారు, పరీక్షకు మాత్రం ‘కోల్స్’ మేలు. క్రియగా ‘క్యారీ’, ‘టేక్’, ‘బ్రింగ్’ మూడూ నడుస్తాయి. ‘న్యూకాసిల్’ ఊరి పేరు కాబట్టి మొదటి అక్షరం పెద్దది. ముందు ‘లైక్’ చేర్చి ‘మోసినట్టు’ అన్న అర్థంలో రాస్తే తప్పు పోయే అవకాశం తక్కువ. ఇంటర్వ్యూలో అయితే నీ మీదకే తిప్పుకుని వాడు. బోర్డులో ఆర్థిక శాస్త్రం ప్రొఫెసర్ ఉండి ఆయన రంగం మీదే ప్రశ్న వేస్తే, ‘మీకు ఇది నేను చెప్పడం న్యూకాసిల్‌కు బొగ్గులు తేవడమే సార్, అయినా నాకు అర్థమైనంత చెప్తాను’ అని మొదలుపెట్టు. వినయంగా ఉంటుంది, ఎవరినీ తక్కువ చేయదు. ఆఫీసు ఉత్తరాల్లో మాత్రం వద్దు. అక్కడ ఉన్నమాట నేరుగా రాయడమే పద్ధతి.

సాంచాల_సిరిసిల్ల:
మేడమ్, ఒక సందేహం. ప్రొఫెసర్‌కు పాఠం చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పినట్టు కదా? మీరే ముందు రెండూ వేరన్నారు.

పంతులమ్మ_జగిత్యాల:
మంచి ప్రశ్న తమ్ముడూ. తేడా సన్నగా ఉంటుంది. పని ఎలా చేయాలో నేర్పబోతే తాత, దగ్గులు. ఆయన దగ్గర ఇప్పటికే నిండుగా ఉన్న సమాచారాన్ని మళ్లీ పట్టుకొచ్చి ఆయన ముందే పెడితే న్యూకాసిల్. ఇంగ్లిష్‌వాళ్లు సరుకుతో పాటు సమాచారానికి, సలహాకు కూడా దీన్ని వాడతారు. ప్రొఫెసర్‌కు లెక్క కట్టే విధానం నేర్పబోతే మీరన్నదే సరి, ధరల వివరాలు చదివి వినిపిస్తే నేనన్నది సరి.

మంచిర్యాల_రైలు:
ఇంకో పది ఇడియమ్స్ ఇలాగే ఒక్కొక్కటీ పెట్టండి తమ్మీ. నాకు రేపు తెల్లవారుజామున డ్యూటీ ఉంది, దిగాక చూస్తాను.

కేయూ_క్యాంపస్:
తప్పకుండా అన్నా. తర్వాతది ‘వైట్ ఎలిఫెంట్’. రేపు పెడతాను.